ఎల్లాజీ జాగా

డిస్కు ప్యాకును పిడి పట్టుకుని ఎత్తి, కంప్యూటరు మిషను గూట్లో నిదానంగా దించి బిగించాడు నీలకంఠం. మూత వేశాక, లోపల తిరిగే డిస్కు పళ్ళేల రొద ఒక్క తీరుకు వచ్చేదాకా దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. అలా నిలబడమని అతనికెవరూ చెప్పలేదు, ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ అదొక అలవాటు. బయట మే నెల ఎండ మండిపోతోంది. లోపల మిషన్ల కోసం పెట్టిన ఏసీ చలి. నల్లగా, సన్నగా, కాస్త ముందుకు వంగి నడిచే మనిషి. మోచేతుల దగ్గర అతుకులు వేసిన ఆకుపచ్చ స్వెట్టరు. వైజాగులో ఎండాకాలం స్వెట్టరు తొడుక్కునే మొనగాడు ఇతనొక్కడేనని రేవు గేటు దగ్గర టీకొట్టువాడు కూడా ఆటపట్టిస్తుంటాడు. ఆ మాటకు నీలకంఠం రోజూ నవ్వేవాడు. ఈ నెలరోజులుగా నవ్వడం లేదు.

ఓడల్లో సరుకు ఎత్తి దింపే కంపెనీ అది. ఏ ఓడ మీదకు ఏ గ్యాంగు వెళ్ళాలి, గ్యాంగులో ఎవరెవరు, అంతా ఈ పళ్ళేల మీదే ఉంటుంది. ప్రోగ్రాములు రాసేది మేడ మీద కూర్చునే శ్రీరామ్మూర్తి గారు, గోదావరి జిల్లా మనిషి. వాటిని నడపడం, ప్రింటరుకు కాగితం ఎక్కించడం, డిస్కు మీద జాగా చూసుకోవడం నీలకంఠం పని. ఈ జాగా సంగతి కొంచెం తమాషాగా ఉంటుంది. ప్రోగ్రాము తన ఫైలుకు ఇంత చోటు కావాలని ముందే సిస్టమ్‌ను అడుగుతుంది. సిస్టమ్ ఆ మేరకు కేటాయిస్తుంది. అందులో సగమే రాసినా మిగతాది కూడా ఆ ఫైలుదే, మరో ఫైలు దాని జోలికి రాదు. చాలకపోతే ప్రోగ్రాము ఇంకా అడగవచ్చు. మిగిలిపోతే తిరిగి ఇచ్చెయ్యవచ్చు కూడా, కానీ ఇచ్చే బుద్ధి ఏ ప్రోగ్రాముకూ ఉండదు. అందుకని నీలకంఠమే రోజూ ఒక ఆర్డరు కొట్టి, ఫైళ్ళ చివర ఖాళీగా పడి ఉన్న తోకలు కత్తిరించి సిస్టమ్‌కు వాపసు చేస్తుంటాడు. జాగా కావాలంటే నీలకంఠాన్ని అడగాలని ఆఫీసులో పేరు. ఆ పేరే కొంప ముంచింది. మునిగింది అతని కొంప కూడా కాదు, ఎల్లాజీది.

ఎల్లాజీ అతని భార్య గౌరీశ్వరికి స్వయానా అన్న. రేవులో బరువులు మోసే కలాసీ. పెళ్ళయిన కొత్తలో నీలకంఠం తగరపువలస నుంచి ఒక ట్రంకుపెట్టెతో వస్తే, కంచరపాలెంలో తనకున్న ఒక్క గదినీ చెల్లెలికిచ్చి మంచం అరుగు మీద వేసుకున్నాడు. పెళ్ళాంబిడ్డలు లేనివాడికి గదెందుకన్నాడు. అరుగు మీదకు పోయిన ఆ మంచం మళ్ళీ లోపలికి రాలేదు.

చలికాలమంతా గుండె జబ్బుతో అతను ఆ మంచం మీదే ఉన్నాడు. లేచి తిరుగుతున్నాక కంపెనీ డాక్టరు, ఇక బరువులెత్తకూడదు, చిరిగిన గోనెలు కుట్టే గ్యాంగులో కూర్చోవచ్చు అని రాసిచ్చాడు. అలా జబ్బుపడి తిరిగొచ్చినవాళ్ళ పేర్లు నెలకోసారి గ్యాంగు ఫైలు చివర ఎక్కుతాయి. శ్రీరామ్మూర్తి గారు ఆ చివర ఖాళీ వదిలింది వాళ్ళ కోసమే. ఆ సంగతి నీలకంఠానికి తెలుసు.

తెలిసే కత్తిరించాడు. పోయిన నెల ఎరువుల ఓడ వచ్చిన పూట డిస్కు నిండిపోయింది. మేనేజరు వచ్చి వెనకాల నిలబడ్డాడు. సాయంత్రంలోగా మళ్ళీ పెట్టేద్దాంలే అనుకుని నీలకంఠం గ్యాంగు ఫైలు తోక తీసి ఓడ ఫైలుకిచ్చాడు. మేనేజరు భుజం తట్టి వెళ్ళాడు. ఆ భుజం తట్టడం ఎంత బాగుందో అతనికింకా గుర్తే. సాయంత్రానికి ఓడ ఫైలు ఆ జాగాలో నిండా రాసేసుకుంది. తిరిగొచ్చినవాళ్ళ పేర్లు ఎక్కించే ప్రోగ్రాము చోటడిగింది. లేదంది సిస్టమ్. ప్రోగ్రాము ఆగిపోయింది.

“డిస్కు నిండిపోయింది సార్” అన్నాడు మేనేజరుతో. నిజమే చెప్పాడు. ఆ నిజం వెనకాల దాక్కున్నాడు. సరే, వచ్చే నెల చూద్దామన్నాడు మేనేజరు. తానే కత్తిరించానని శ్రీరామ్మూర్తి గారితో చెబితే మర్నాడే మళ్ళీ నడిపించేవారేమో. మేడమెట్ల దాకా వెళ్ళి, నోరు రాక, తిరిగొచ్చాడు.

ఆ నెలంతా ఎల్లాజీ రోజూ పిలుపు షెడ్డుకు, అంటే మధ్యాహ్నం షిఫ్టుకు పేర్లు పిలిచే చోటుకు, వెళ్ళాడు. అక్కడ మొలెత్తు గోడ ఒకటుంది. పొద్దున్నే వచ్చిన కలాసీ బస్తాలు లాగే తన కొక్కెం ఆ గోడ మీద పెడితే అది అతని చోటు. టీకి వెళ్ళినా, ఎటు వెళ్ళినా, ఇంకొకడు ఆ కొక్కేన్ని జరపడు. తాగి కొట్టుకునేవాళ్ళు కూడా జరపరు. లిస్టులో పేరు లేనివాడికి అరుదుగా పిలుపు వస్తుంది. ఎల్లాజీ కొక్కెం గోడ మీద పెట్టి, పక్కనే చేపల రేవుకు పోయి, బోట్లకు ఐసు బుట్టలు మోసి, పిలుపు వేళకు తిరిగొచ్చేవాడు. ఇంటికొస్తే అతని తువ్వాలు తడిసి నీచువాసన వేసేది. నీలకంఠం తన కంచంలో చేపముక్క తీసి అతని కంచంలో వేస్తే, “మా అన్నియ్య మీద ఇంత పేమ ఎప్పుడు పుట్టుకొచ్చిందో” అని గౌరీశ్వరి నవ్వేది. నీలకంఠం కంచం ముందు నుంచి లేచిపోయేవాడు.

ఇవాళ పొద్దున సైకిలు వెనక ఎల్లాజీని ఎక్కించుకొచ్చాడు. ఎత్తు వచ్చిన చోటల్లా ఎల్లాజీ దిగి నడిచాడు, వెనక నుంచి అతని ఆయాసం వినిపించింది.

“ఐసు మొయ్యొద్దు బావా. డాక్టరు సెప్పినాడు గదా.”

“గోనెలు కుట్టుకోమన్నాడు. కుట్టాలంటే పేరెక్కాల గదేటి? ఊరికే కూకుంటే నాను తుప్పట్టిపోతాను.”

“ఈయాల ఎక్కుతాది.”

“ఎక్కకేటి? లోపల నువ్వున్నావు గదా, నాకేటి బెంగ.”

గేటు దగ్గర ఎల్లాజీ దిగాడు. నీలకంఠం సైకిలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

“బావా, పోయిన్నెల ఆ జాగా...”

“ఏటి?”

“ఏటీ నేదు. ఎండలో తిరగకు.”

ఎల్లాజీ కొక్కెం భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇవన్నీ తలలో తిరుగుతుండగానే నీలకంఠం చేతులు పని చేసుకుపోయాయి. సరుకు దింపి వెళ్ళిపోయిన ఎరువుల ఓడ ఫైలును టేపు మీదకు తీశాడు. తీసింది సరిగ్గా ఉందో లేదో మళ్ళీ చదివించి చూశాడు. అప్పుడు డిస్కు మీద చెరిపేశాడు. వచ్చిన జాగాలో గ్యాంగు ఫైలుకు మునుపటికంటే ఎక్కువే ఇచ్చాడు. మధ్యాహ్నం తిరిగొచ్చినవాళ్ళ ప్రోగ్రాము నడిపాడు. ఈసారి ఆగలేదు. ప్రింటరు గడగడలాడి కాగితం వదిలింది. గోనెలు కుట్టే గ్యాంగు కింద ఎల్లాజీ పేరుంది. నీలకంఠానికి కళ్ళు చెమర్చాయి. లిస్టు తీసుకెళ్ళడానికి ప్యూను వస్తే, నేనిస్తాలే అని తానే బయల్దేరాడు. ఇవాళ బావకు అంతా చెప్పేస్తాను, తిడితే తిడతాడు, కొడితే మరీ మంచిది అనుకున్నాడు. ఎండలో సగం దూరం వెళ్ళాకగాని స్వెట్టరు విప్పలేదని గుర్తు రాలేదు.

అతనిచ్చిన లిస్టు తీసుకుని, షెడ్డులో టైమ్‌కీపరు గురునాథరావు మైకులో పేర్లు చదివాడు. పిలిచినవాళ్ళు పిలిచినట్టే గోడ మీద కొక్కెం తీసుకుని వరసలోకి వెళుతున్నారు. ఎల్లాజీ పేరు వచ్చింది. ఎవరూ కదల్లేదు. గురునాథరావు ఇంకోసారి, గట్టిగా పిలిచాడు.

“అల్లదిగో, నీడలో తొంగున్నాడు” అన్నాడు అబ్బులనే కలాసీ. గోడ మీద అతని కొక్కెం ఎల్లాజీ కొక్కెం పక్కనే ఉంది. “ఐసు మోసొచ్చి ఒరిగినాడు. పిలుపుకి లేపమన్నాడు.”

షెడ్డు స్తంభానికి జారగిలబడి, ముఖం మీద తువ్వాలు కప్పుకుని ఉన్నాడు ఎల్లాజీ. నీలకంఠం వంగి చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. ఐసు మోసిన చెయ్యి కదా అనుకున్నాడు.

“బావా, పేరు పిలుత్తన్నారు. లెగు.”

తువ్వాలు తీశాడు. తరవాత చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు. మైకు ఆగిపోయింది. కలాసీలు చుట్టూ చేరి తలపాగాలు విప్పారు.

“జాగా నానే తీసేసినాను బావా” అన్నాడు నీలకంఠం. చుట్టూ ఉన్నవాళ్ళకు ఆ మాట అర్థం కాలేదు. ఏడుపులో ఏదో అంటున్నాడనుకున్నారు. వినాల్సినవాడు వినలేదు.

కంచరపాలేనికి రిక్షాలో తీసుకెళ్ళారు. గౌరీశ్వరి ఏడుస్తూ, నువ్వు కాబట్టి ఆఖరికి అన్నియ్య పేరు ఎక్కించావు అంది. అతను తల వంచుకున్నాడు. అప్పుడూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున కర్మకు కావలసినవి కొనడానికి బయల్దేరినవాడు ఎందుకో సైకిలు రేవు వైపు తిప్పాడు. పిలుపుకింకా వేళ కాలేదు. గోడ పొడుగునా కొక్కేలు ఇరుకిరుగ్గా పెట్టి ఉన్నాయి, కొత్తగా వచ్చినవాళ్ళకు చోటు దొరక్క నేల మీద పెడుతున్నారు. మధ్యలో మాత్రం ఎవరూ జరపని కొక్కెం ఒకటి, పిడికి చుట్టిన పాత గుడ్డతో, అరిగి తెల్లబడిన మొనతో, నిన్న పెట్టినచోటే ఉంది.