నల్ల పడుగు, చింతపండు పేక

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ధర్మవరంలో మా వీధిలో ఎవరినడిగినా చెప్తారు. పార్లర్ గడప దాటి కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే "రొంత తెల్లగా చెయ్యి పద్మా" అని అడిగేవాళ్ల మీదైతే మరీ ఎక్కువ. నా దగ్గర సున్నం లేదు, గోడలకు వెల్ల వేసేవాళ్ల దగ్గరికి పొమ్మని పంపేసిన రోజులు కూడా ఉన్నాయి. అయినా వాళ్లే మళ్లీ వస్తారు, ఎందుకంటే జుట్టుకు రంగు వేయడంలో నా చేయి ఎలాంటిదో వాళ్లకు తెలుసు. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకున్నా నాకేం ఫర్వాలేదు.

ఆ మంగళవారం పొద్దున వచ్చింది జ్యోతిలక్ష్మి అక్క. మా వెనక వీధిలోనే ఉంటుంది, విష్ణువర్ధన్ పట్టుచీరల షాపుకి మగ్గం నేస్తుంది. మా ఇద్దరి ఇళ్లకూ మధ్య ఒక్క గోడే కాబట్టి నేను పుట్టినప్పటినుంచీ ఆమె మగ్గం చప్పుడు వింటూనే ఉన్నాను. ఇన్నేళ్లలో నా పార్లర్‌లో కాలు పెట్టడం మాత్రం అదే మొదలు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, ముఖంలో ఏదో తప్పు చేయబోతున్నట్టు బెరుకు.

"శుక్రవారం నాకు వీడియో ఉండాది పద్మా" అంది.

విష్ణువర్ధన్ వారానికోసారి ఫోన్‌లో లైవ్ పెట్టి చీరలు అమ్ముతాడు. కట్టుకుని చూపించడానికి బెంగుళూరు నుంచి ఒక అమ్మాయి వస్తుంది. ఈసారి అందులో పెట్టబోయేది అక్క నేసిన నేరేడుపండు రంగు చీర. దాని ఫోటో చూసిన దగ్గర్నుంచి దాన్ని నేసిందెవరని కొనేవాళ్లు అడుగుతున్నారట. ఆ సంగతి తెలిసి అక్క నేరుగా షాపుకి పోయిందట.

"నేను నేసిన చీర నేనే కట్టుకొని చూపిస్తానప్పా అన్నా. కింది నుంచి పై దాకా చూసినాడు. శుక్రవారం పొద్దున రా అక్కా, కెమెరాలో నీ ముఖం బాగుంటే నువ్వు, లేకుంటే ఆ పాప ఎట్లా ఉండనే ఉండాది అన్న్యాడు."

"ఆ మాటకు నువ్వేమన్నావు?" నాకు అప్పటికే చెవులు వేడెక్కాయి.

"ఏమంటాను? చీర ఆ యప్ప దగ్గర ఉండాది గదా." కవరు చివర మెలితిప్పింది. "కట్టుకోవల్లని ఆశ గాదు పద్మా. నేను నేసిన చీరలు యాడాడికి పోయినాయో, ఎవరెవరు కట్టినారో. ఇది నేసింది నేనే అని ఒక్కసారి నా నోటితో చెప్పల్ల. అంతే."

అంతే అంది గానీ, ఆ 'అంతే' అనేసరికి కవరు చివర తాడులా మెలిపడిపోయింది. ఈమెను ఆ ఫోన్ ముందు నిలబెట్టకపోతే నేను కత్తెర పట్టుకోవడమే మానేస్తానని అప్పుడే అనుకున్నాను.

అక్క ఫోన్‌లో బెంగుళూరమ్మాయి ఫోటో చూపించింది. జుట్టులో అక్కడక్కడా బంగారు పాయలు. "ఇట్ల చెయ్యి. జరీ అంచుకు సరిపోతాది."

ఇది మా ఊరి జబ్బు. జాకెట్టు అంచుకే సరిపోవాలి, గాజులు అంచుకే సరిపోవాలి, పెళ్లిలో అయితే పెళ్లికొడుకు కండువా కూడా అంచుకే సరిపోవాలి. అంచు చూశామంటే మాకు ఇంకేమీ కనపడదు. నేను కూడా ఈ ఊళ్లోనే పుట్టాను కాబట్టి తల ఊపేశాను. ముందు చిన్న పాయ మీద చూద్దామని కుడి చెవి కింద, బయటికి కనపడని చోట, కొంచెం జుట్టు తీసి బ్లీచ్ పెట్టాను. రంగు ఒంటికి పడుతుందో లేదో తెలియాలని ఎడమ చెవి వెనక చర్మానికి చుక్క రాశాను.

కడిగి ఆరబెట్టాక ఆ పాయ ఎండిన చెనక్కాయ కట్టెలా తేలింది. దాన్ని చెంప మీదికి లాగి అద్దం చూపించాను. అక్కది నల్లటి నిగనిగలాడే చర్మం, వెడల్పు నుదురు, కణతల దగ్గర నెరిసిన వెంట్రుకలు. ఆ బంగారు పాయ పక్కన ఆ నిగనిగ అంతా ఎక్కడికో పోయింది. జ్వరం తగ్గి లేచిన మనిషిలా ఉంది.

అక్క అద్దంలోకి చాలాసేపు చూసింది. "నా ముఖం ఇంత బూడిదగా ఎప్పుడైంది పద్మా?"

నేను గబగబా ఆ పాయను చెవి వెనక్కి తోసేశాను.

"పోనీలే. ఆ పాపనే పెట్టుకోమని చెప్తా" అంటూ మెడకు చుట్టిన తువ్వాలు తీసి మడత పెట్టడం మొదలుపెట్టింది.

"కూచో!" అని అరిచాను. అక్కతో పాటు నేను కూడా ఉలిక్కిపడ్డాను. ఆమె మీద కాదు ఆ కోపం. విష్ణువర్ధన్ మీద, ఆ ఫోటో మీద, తల ఊపిన నా మీద. చివరికి పైకప్పు కింద మిణుకుమిణుకుమంటున్న ట్యూబ్‌లైట్ మీద. దాన్ని చూశాకే నాకు బుద్ధి వచ్చింది.

"అక్కా, చీరకు రంగు ఖాయం చేసేటప్పుడు ట్యూబ్‌లైటు కింద చూస్తావా?"

"దీని కింద చూసి ఎవరన్నా రంగు ఖాయం చేస్తారా? నాకు నేత నేర్పిన మా మామ ఉంటే కొట్టనీకి కట్టె తీసుకొనేటోడు. వాకిట్లోకి తీసుకుపోవల్ల."

"మరి లెయ్. వాకిట్లోకి పద."

మా ఊళ్లో పెళ్లికూతురికి చీర నేయించేటప్పుడు ఒక పద్ధతి ఉంది. పిల్లను ఎండలో నిలబెట్టి, రంగు వేసిన పట్టు దారం కట్టలు, చిలపలంటాం మేము, ఒక్కొక్కటే భుజం మీద వేసి చూస్తారు. చూడవలసింది చిలపను కాదు, పిల్ల ముఖాన్ని. ఏ చిలప వేస్తే ముఖం ముందుకొస్తుందో అదే ఆ పిల్ల రంగు. ఎంతమంది పెళ్లికూతుళ్ల భుజాల మీద చిలపలు వేసి ఉంటుందో అక్క. ఆమె భుజం మీద మాత్రం ఎవరూ వేసినట్టు లేదు.

జరీకి జోడీ చూడ్డానికి తెచ్చుకున్న ఆ కవరులోనే మిగులు పట్టు ఉంది, నాలుగైదు రకాలు. మెట్ల దగ్గర స్టూలు వేసి, ఎండకు ముఖం తిప్పి కూర్చోబెట్టాను. మా అనంతపురం ఎండ ఎవరినీ మెచ్చుకోదు, ఎవరినీ తక్కువ చేయదు, ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. ఎదురు టీ కొట్టులో ఉన్నవాళ్లందరూ మెడలు చాచారు. "ఏమప్పా, ఈడ సినిమా ఆడతాందా?" అని నేనన్నాక మళ్లీ గ్లాసుల్లోకి చూసుకున్నారు.

పసుపు చిలప వేస్తే మళ్లీ అదే బూడిద. మిరపపండు రంగు వేస్తే దారమే కనపడింది, ముఖం వెనక్కి పోయింది. కాఫీ రంగు మంచీ చెయ్యలేదు, చెడూ చెయ్యలేదు. ఆ తర్వాత అడుగునున్న ఎర్రటి గోధుమరంగు చిలప తీసి చెంప పక్కన పట్టుకున్నాను.

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. ముఖంలో నెత్తురు పారినట్టు అయింది. ఆమె కంటిపాపలు నల్లనివి కావని, ముదురు తేనెరంగువని నాకు అప్పుడే తెలిసింది.

"ఏంది అట్ల చూస్తాండావు?" అంది. అద్దం చేతికిచ్చాను. చూసుకుని తలను ఇటు తిప్పింది, అటు తిప్పింది. "పాత చింతపండు రంగు" అంది నెమ్మదిగా. "బాగుంది గదా?"

"బాగుందా అని నన్నడుగుతావా? నీ నలుపు కింద ఎరుపు ఉండాది అక్కా. కొందరికి పసుపు ఉంటుంది, వాళ్లకు బంగారు పాయలు అందం. నీ ఎరుపుకు ఎరుపే తోడు. తెల్లగా చేసేది కాదు మన పని, ఉన్నదాన్ని పైకి తెచ్చేదే."

"అయితే తలంతా ఆ రంగులో ముంచుతావా?"

"ఆ చీర నువ్వెట్ల నేసినావు?"

"నల్ల పడుగు, రాణీరంగు పేక. నిలువు పోగులు నలుపు, అడ్డం పోగులు రాణీరంగు. కదలకుంటే నల్లగా ఉంటాది, కదిలితే నేరేడుపండు."

"నీ తల గూడా అట్లనే. నీ నలుపే పడుగు. అందులో నేను చింతపండు పేక వేస్తా."

అక్క నవ్వింది. వచ్చినప్పటినుంచీ అదే మొదటి నవ్వు. వెంటనే కణతలు తడుముకుంది. "మరి ఈ తెల్లవి?"

"అవి తెల్ల పట్టు అక్కా. బ్లీచ్ లేకుండానే రంగు పట్టుకుంటాయి. నల్లవాటికన్నా బాగా వెలుగుతాయి."

గురువారం మధ్యాహ్నం అక్క మళ్లీ వచ్చింది. చెవి వెనక దద్దురు రాలేదు, దురద లేదు. నెరిసిన వెంట్రుకలను ఒక్కొక్కటే ఏరి, వాటి పక్కనుంచి సన్నటి నల్ల పోగులు కొన్ని కలిపి, రంగు పూసి రేకుల్లో చుట్టాను. ముఖం చుట్టూ కొంచెం ఎక్కువ, వెనక్కి పోయేకొద్దీ తక్కువ. చెవి కింద బంగారు పాయ మీద కూడా అదే రంగు వేశాను. అక్క కదలకుండా కూర్చుంది, పొద్దంతా మగ్గం గుంటలో కూర్చునే మనిషికి ఇదొక లెక్క కాదు. కళ్లు మూసుకునే అంది:

"పోగులు బాగా ఏరుతాండావు పద్మా. ఒక్కటీ తెంపలే."

బెంగుళూరులో నేర్చుకున్నాను, సర్టిఫికెట్టు గోడకు వేలాడుతోంది. పుట్టపర్తి నుంచి కూడా పెళ్లికూతుళ్లను నా దగ్గరికి తీసుకొస్తారు. కానీ ఆ ఒక్క మాటకు నేను పొంగిపోయినట్టు దేనికీ పొంగలేదు. పాత పడుగు కొసలకు కొత్త పోగులు అతకడం చిన్నప్పుడు మా ఇంట్లో నా పని. నా వేళ్లకు ఆ పని ఇంకా గుర్తుందన్నమాట.

శుక్రవారం నేను కూడా షాపుకి పోయాను. పిలవలేదు, అయినా పోయాను. బెంగుళూరమ్మాయి ఒక మూల ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. అక్క లోపలినుంచి ఆ నేరేడుపండు చీర కట్టుకుని, జుట్టు వదులుగా ముడి వేసుకుని వచ్చింది. విష్ణువర్ధన్ చూశాడు. బాగుందనలేదు, బాగలేదనలేదు. ఫోన్ పట్టుకునే నరేంద్ర మాత్రం పెదవి విరిచాడు.

"కలర్ రొంత తక్కువన్నా. ఫిల్టర్ వేస్తే సరిపోతాది" అని ఏదో నొక్కాడు.

తెరలో అక్క ముఖం పిండి పూసినట్టు తెల్లబడింది. నా లోపల భగ్గుమంది. ఒక అడుగు ముందుకు వేశానో లేదో, నాకంటే ముందు విష్ణువర్ధన్ అరిచాడు.

"రేయ్ నరేంద్రా! చీర యాడికి పోయిందిరా?"

అప్పుడు చూశాను. ముఖంతో పాటు చీర కూడా వెలిసిపోయింది. నేరేడుపండు కాస్తా ఉల్లిపొర రంగుకు దిగింది.

"ఈ రంగు చూసి కొంటారు, ఇంటికి పోయినాక ఇది ఆ చీర కాదని వెనక్కి పంపుతారు. నా షాపు పేరేం గావల్ల? తీసెయ్ దాన్ని!"

"తీస్తే ఆ యమ్మ ముఖం..."

"తియ్యప్పా ముందు!"

నరేంద్ర తీశాడు. చీర వెనక్కి వచ్చింది. చీరతో పాటు అక్క ముఖం కూడా వచ్చింది, ఎండలో నా మెట్ల దగ్గర చూసిన ముఖం. విష్ణువర్ధన్ ఫోన్ చేతిలోకి తీసుకుని దగ్గరగా చూశాడు. పుట్టినప్పటినుంచీ రంగుల మధ్య పెరిగినవాడు, రంగు విషయంలో అతని కన్ను తప్పు పోదు.

"అక్కా, రొంత అట్ల తిరుగు."

అక్క తిరిగింది. కణత దగ్గర నలుపులోంచి ఎరుపు తళుక్కుమంది. అదే క్షణంలో భుజం మీద కొంగు నలుపులోంచి నేరేడు రంగు పైకి తేలింది. చెవి కింద, ఇప్పుడు చింతపండు రంగు తాగిన ఆ పాత బంగారు పాయ అన్నిటికన్నా గట్టిగా మెరిసింది.

"చీరకు సరిపోయేటట్ల బాగా చేసినావు పద్మా" అన్నాడు.

"చీరకు చేయలే. మా అక్క ముఖానికి చేసినా. చీర వచ్చి కలిసింది" అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు ఈరోజుకీ గర్వమే.

అతను అక్క వైపు చూసి, ఈసారి కింది నుంచి పైకి కాదు, నేరుగా ముఖంలోకి చూసి, "మొదలుపెట్టు అక్కా" అన్నాడు.

ఫోన్ తెర మీద ఎర్ర చుక్క వెలిగింది. అక్క చేతులు చీర మీదికి పోయాయి. కొంగు అంచు వేళ్లతో తడిమింది. అది తెలిసిన చోటు కదా, అక్కడ ధైర్యం దొరికినట్టుంది.

"ఈ చీర నేసింది నేనే. నా పేరు జ్యోతిలక్ష్మి. మాది ధర్మవరం."

ఇంకేం చెప్పాలో తెలియక చీరను తిప్పి తిప్పి చూపించింది. తెర మీద మాటలు వరసగా పైకి పోతున్నాయి. నరేంద్ర చదువుతున్నాడు. "చీర బాగుంది అంటాండారు... ఇంకో రంగు ఉండాదా అంటాండారు... అక్కా, ఎవరో నీ జుట్టుకు వేసిన రంగు ఏందని అడుగుతాండారు."

జుట్టు సంగతి వదిలేసి చీర గురించి చెప్పమని విష్ణువర్ధన్ చేత్తో సైగ చేశాడు. అక్క చూడనట్టే ఉంది. జుట్టు మీద చెయ్యి పెట్టుకుంది.

"నల్ల పడుగు, చింతపండు పేక" అంది. తర్వాత ఫోన్‌లోకి నేరుగా చూసింది. "రంగు ఏందని అడిగినారు గానీ, వేసింది ఎవరని అడగరేమమ్మా? ఎవరూ అడగకున్నా నేను చెప్తా. మా వెనక వీధి పద్మజ. ఆ పాప చెయ్యి ఇది."

నాకు కోపం ఎక్కువని ముందే చెప్పాను. ఏడుపు కూడా ఎక్కువేనని ఆ రోజే తెలిసింది. మూలనున్న బెంగుళూరమ్మాయి లేచి వచ్చి నా చేతిలో రుమాలు పెట్టింది. నేను కళ్లు తుడుచుకుంటుంటే, "అక్కా, నాకు ఏ రంగు బాగుంటుంది?" అని అడిగింది.

"ఈడ చెప్పను" అన్నాను. "వాకిట్లోకి రా."