మేనల్లుడిది కాదు

…అయినా పోయిన మనిషికి ఇష్టమైనవి పెట్టమన్నారు గాని, ఇంట్లో ఉన్నవన్నీ పెట్టమన్నారా ఎవరైనా? పెద్దకర్మ రోజున భర్త రవీంద్ర ఫొటో ముందు ఆకు సర్దుతూ ప్రభ తనతో తాను వాదించుకుంటోంది. అన్నం, చేపల పులుసు, డాలో అనే చేమాకుల కూర, కొబ్బరి చిప్పలో మత్తెక్కించే వేళ్ల పానీయం గ్రోగ్. చాలదూ? బీరువాలో చీరల కింద దాచిన ఆ వీడియోగేమ్ సంగతి ఎవరికి కావాలి?

నలభై దాటినవాడు, రారవాయి చక్కెర మిల్లులో ఇంజనీరు, భోజనమవగానే అరచేతిలో ఇమిడే ఆ గేమ్ పట్టుకుని కూర్చునేవాడు. అందులోని ‘చంద్రదళం’ కథ అతని చిన్ననాటి పిచ్చి. మొదట బొమ్మల పుస్తకాలు, తర్వాత టీవీ, ఆపైన సినిమాలు. మూడో సినిమా, దేశంలో ప్రభుత్వం మీద తిరుగుబాటు జరిగిన మరుసటేడు లౌటోకా పట్నానికి వచ్చింది. రెండోదాంట్లో నిక్షేపంగా ఉన్న నాయకురాలు ఇందులో ఒక చెయ్యి లేకుండా దిగేసరికి హాలంతా ఒకటే నవ్వు.

“తప్పు కాదు ప్రభా. ఆ చెయ్యి ఎలా పోయిందో గేమ్‌లో ఉంది. రెండు సినిమాల మధ్య కథంతా దీంట్లోనే. చెప్పనా?” అన్నాడు ఇంటికొచ్చాక.

ఆమె పేపరు తిరగేసింది.

అదైనా నయం. బ్యాంకులో తన మేనేజరు ఇంటికొచ్చిన రోజు, సోఫా మీద దాన్ని చూసి “ఎవరిది?” అంటే, “మా మేనల్లుడిది” అనేసింది. రవీంద్ర ఎదురుగానే ఉన్నాడు. “అవును, వాడిదే” అన్నాడు నవ్వుతూ. ఆ తర్వాత హాల్లో ఎప్పుడూ ఆడలేదు. స్నానాల గదిలోంచి ఆ సంగీతం సన్నగా వినబడేది. మొగుడు అలా దాక్కుంటుంటే తనకి హాయిగా ఉండేది. ఆ హాయి తలచుకుంటే ఇప్పుడు తల ఎత్తాలనిపించడం లేదు.

అత్తగారు జసోద వంగి ఆకు వంక చూసింది. “గ్రోగ్ ఎందుకే? గుక్కెడు తాగితే వాంతి చేసుకునేవాడు.”

“ఉండనీ అమ్మా,” అన్నాడు మరిది సతేంద్ర. “గ్రోగ్ తాగని మగాడంటే మన బా ఊరంతా నవ్వుతుంది. ఇప్పుడైనా అన్నకి పరువు దక్కనీ. ఏం భౌజీ?” అంటూ వదినవైపు తిరిగాడు.

చాప మీద పెద్దలు నవ్వారు. ప్రభ కూడా నవ్వబోయింది. చేతకాలేదు. ఇంతసేపూ తను అన్నం వడ్డించింది ఎవరికి? గ్రోగ్ తాగే ఎవరో పెద్దమనిషికి. రవీంద్ర ఈ రోజు కూడా స్నానాల గదిలోనే ఉన్నాడు.

లేచి బీరువా తెరిచింది. గేమ్ పట్టుకుని వస్తుంటే చెవులు వేడెక్కాయి.

“అదేంటి భౌజీ, ఏ పిల్లాడిది?”

“మీ అన్నది,” అంది, చాప మీదున్న వాళ్లందరికీ వినబడేలా.

గ్రోగ్ చిప్ప తీసి పక్కన పెట్టి, ఆ చోట గేమ్ ఉంచింది.