చలి బస్తాలు

మూసాపేట మెట్రో పిల్లర్ల వెనక గల్లీలో బ్లెస్సీ తుక్కు దుకాణం షట్టరు లేవగానే మొదట బయటికొచ్చేది చలి. ఏసీ ఏమీ లేదు. రేకుల షెడ్డు, మూలుగుతూ తిరిగే ఒక ఫ్యాను. ఆ చలి బోర్డులది. ఆఫీసుల్లో ఏళ్ల తరబడి ఏసీ కింద పనిచేసిన కంప్యూటర్ బోర్డులు ఆ చల్లదనాన్ని ఒంట్లో దాచుకుంటాయి. పారేసినా వదలవు. ఎండాకాలం గల్లీ పిల్లలు బస్తాలకు వీపు ఆనించి హోంవర్కు రాసుకుంటారు.

సర్వర్ గదుల్లోంచి వచ్చినవైతే వేళ్లు కొంకర్లు పోతాయి. ఇళ్లలోంచి వచ్చిన టీవీ బోర్డులు, చార్జర్లు గోరువెచ్చగా ఉంటాయి. కరిగిస్తే బంగారం వచ్చేది చల్లటివాటిలోంచే. అందుకే ఈ వ్యాపారంలో కాంటాకంటే ముందు చెయ్యి. ఒక బస్తాలో చెయ్యి పెడతారు, మొత్తానికి ధర చెప్తారు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలదా?

దున్నేవాడిదే భూమి అని గోడలమీద రాసిన ఊరే ఇది. చెమటోడ్చేవాడిదే చలి అని మాత్రం ఎవరూ రాయలేదు. చలి ఆఫీసు టవర్లలో పుట్టి టవర్లలోనే బతుకుతుంది. ముసలిదయ్యాక మూసాపేట చేరి, వారం తిరక్కుండా కొలిమిలోకి పోతుంది. తుక్కువాళ్లెవరూ బోర్డులు నిల్వ పెట్టరు. పెడితే పెట్టుబడి కదలదు, కదలకపోతే పొయ్యి వెలగదు.

ఆ వేసవిలో అసలు సరుకే రాలేదు. బస్తా, రెండు బస్తాలు అమ్మే ఆఫీసులు ఇప్పుడు అంతా కలిపి ఒకే లాటుగా అమ్ముతున్నాయి. మంచిదీ చెడ్డదీ కలిసే ఉంటుంది. తీసుకుంటే మొత్తం తీసుకో, లేకపోతే దారి చూసుకో. బ్లెస్సీ షెడ్డులో కూర్చోలేక, బయట నిలబడలేక తిరుగుతోంది. ఆమె భర్త ప్రేమ్ కుమార్ ఒకప్పుడు బాలానగర్‌లో యాసిడ్ తొట్ల దగ్గర బోర్డులు కరిగించేవాడు. అక్కడి పొగ ఇంకా ఛాతీలోనే ఉంది. రెండు మాటలకొకసారి దగ్గు.

"సరుకు లేకుంటే... ఇగ తొట్లకాడికి పోతా. సేటు పిలుస్తుండు" అన్నాడు.

"పో. పోయినసారి సగం ఊపిరితిత్తులే కరిగినయ్. మిగిలినయి గూడ ఇచ్చిరా."

"మరి ఏం తింటం?"

కోకాపేటలో ఒక కంపెనీ పాత సామాను అమ్ముతోందని తెలిసి, బ్లెస్సీ దాచుకున్నదంతా నడుముకు కట్టుకుని బస్సెక్కింది.

బస్తాలు అద్దాల హాల్లో వరసగా పేర్చి ఉన్నాయి. పైన ఏసీ హోరున తిరుగుతోంది. ఇంత చల్లటి గదిలో ఏ బస్తాలో చెయ్యి పెట్టినా చల్లగానే ఉంటుంది.

"సార్, జర ఏసీ బంద్ జేయిస్తరా?" అని అక్కడి మేనేజరు రవికిరణ్‌ని అడిగింది.

"సెంట్రలైజ్డ్ అమ్మా. మీ కోసం ఫ్లోర్ మొత్తం ఆపలేం కదా."

"అయితే ఒక్క బస్తా ఎండలకు తీస్త."

"పాలసీ ఒప్పుకోదు. కొటేషన్ రాసివ్వండి, త్వరగా."

పాలసీ. పేదవాడి చెయ్యి ఎక్కడ పనికొస్తుందో సరిగ్గా అక్కడే దానికో పాలసీ ఉంటుంది.

బ్లెస్సీ ఒక బస్తా మూతి విప్పింది. కుడిచెయ్యి పైపైన పెట్టింది, ఎడమచెయ్యి భుజందాకా అడుక్కి దించింది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత బయటికెళ్లి, గేటు పక్కన ఎండలో రెండు చేతులూ చాపి నిలబడింది. ఏసీ అంటించిన చలి ఎండలో పారిపోతుంది. బోర్డుల చలి పోదు.

సెక్యూరిటీ ఆయన నవ్వాడు. "ఏందక్కా, బట్టలారేసినట్టు చేతులారేసినవ్?"

"ఒకటి ఆరిందన్నా. ఒకటి ఆర్తలేదు."

కుడిచెయ్యి కాలిపోతోంది. ఎడమచెయ్యి మంచుముక్కలా ఉంది.

పక్కనే కారు నీడలో బాలానగర్ పెద్ద వ్యాపారి కామేశ్వరరావు సోడా తాగుతున్నాడు. "చలి నీళ్లలాంటిదమ్మాయ్" అన్నాడు. "ఎక్కడున్నా కారి కిందికి చేరుతుంది. అడుగున నాలుగు ముక్కలున్నా చెయ్యి వణుకుతుంది. నేనైతే కొటేషన్ రాయడం లేదు."

"మీరు రాయకుంటే తెల్లారి కారు అమ్ముకోరు గదా సార్. నేను రాయకుంటే మా ఆయన తొట్లకాడికి పోతడు."

"రాసి మునిగినా అక్కడికేగా పోయేది?"

"రాస్తే పోతడేమో. రాయకుంటే పోవుడే."

లోపలికెళ్లి, ఇచ్చుకోగలిగిన చివరి పైసాదాకా రాసిచ్చింది. ఇంకెవరూ రాయలేదని తర్వాతే తెలిసింది.

ట్రాలీ ఆటోలు సామాను దించేసరికి మధ్యాహ్నమైంది. మొదటి బస్తా విప్పింది. వెచ్చగా ఉంది. రెండోది ఇంకా వెచ్చగా ఉంది. టీవీ బోర్డులు, చార్జర్లు, ఇన్వర్టర్ ముక్కలు. ఒక్క మెతుకు చూసి చెప్పడానికి అన్నమంతా ఒకే కుండలో ఉడకాలి. ఇది పది ఇళ్లలో అడుక్కొచ్చిన అన్నం. ఆ మాట చేతులు బస్తాలో ఉన్నప్పుడు తట్టలేదు.

ఆమె చెయ్యి పెట్టిన బస్తా, దానితోపాటు దించిన ఇంకొకటి మాత్రం సర్వర్లవి. పైన ఒక పొర తీస్తే చాలు, షెడ్డంతా పొగమంచు. ఆ రెండూ అమ్మితే పెట్టినదాంట్లో సగం కూడా రాదు.

ప్రేమ్ అటకమీంచి తొట్ల దగ్గరి రబ్బరు బూట్లు దించి దుమ్ము దులుపుతున్నాడు.

చల్లటి బస్తాలు తీసుకోవడానికి కొలిమి ఏజెంటు అప్పటికే బండి తెచ్చి గల్లీ చివర హారన్ కొడుతున్నాడు. అదే సమయానికి మూలమీద చేపలమ్మే ఈరమ్మ గంప పట్టుకుని లోపలికొచ్చింది.

"బిడ్డా, ఐసు నీళ్లయింది. గీ ఎండకు రోజూ సగం చేపలు కుక్కలకేస్తున్న. ఒక్క గంటసేపు పెట్టుకోనియ్యి."

గంపను బస్తాల మధ్య దించింది. చూస్తుండగానే మెత్తబడ్డ చేపలు గట్టిబడ్డాయి. బ్లెస్సీ వాటివంక చూస్తూ నిలబడిపోయింది.

"పెద్దమ్మా, ఐసుకు రోజూ ఇచ్చే పైసలు నాకిస్తవా?"

"ఎందుకియ్య? పాలాయన గూడ ఇస్తడు, పూలామె గూడ ఇస్తది. కానీ రేపు నువ్వు వీటిని అమ్మేస్తే?"

హారన్ మళ్లీ మోగింది. బ్లెస్సీ ఒక బస్తామీద అరచెయ్యి ఆనించింది. కరిగించకుండా బోర్డుల్ని ఉంచి చూసినవాళ్లు ఎవరూ లేరు. ఈ చలి ఏడాదుంటుందో, ఆదివారందాకా ఉంటుందో ఎవర్నడగాలి? బండి వెళ్లిపోతే ఆ ఏజెంటు మళ్లీ ఈ గల్లీలోకి రాడు.

"ప్రేమ్" అంది. "ఆ బూట్లు పక్కన పెట్టి, బండి పొమ్మని చెప్పిరా."

"ఏమని చెప్పాలె?"

"ఇవి అమ్మేటివి కావని."

అతను ఆమె మొహంలోకి చూశాడు. బూట్లు వదిలేసి గల్లీ చివరిదాకా నడిచాడు. షట్టరు బార్లా తెరిచే ఉంది. పొగమంచు అతని వెనకాలే గడప దాటి రోడ్డుమీదికి పాకుతోంది.

"తలుపెయ్యి పిల్లా" అని ఈరమ్మ కసిరింది. "చలంతా బయటికి పోతది."