కోసేసిన అంచు

పాత పుస్తకాలకు కొత్త అట్టలు వేసి ముప్పై ఏళ్లు బతికిన బైండరుకు, కాగితాలు విడివిడిగా కనిపిస్తే చేతులు ఊరుకోవు. దుకాణం మూసి, మంచం, పొయ్యి, సింకు అన్నీ ఇమిడిన ఇల్లుబండి కొన్న రోజే, దాంతో వచ్చిన మూడు కాగితాల కట్టలనూ ఒకే పుస్తకంగా కుట్టేశాడు. గుద్దుకుంటే ఇన్సూరెన్సు, దారిలో ఆగిపోతే రోడ్డు సహాయం, లోపలి భాగాలు పాడైతే పొడిగించిన వారంటీ. ఎర్ర అట్ట, బంగారు అక్షరాలు, నున్నగా కోసిన అంచులు. దాన్ని చూసుకుని మురవడమే సరిపోయింది, చదవడానికి తీరిక దొరకలేదు.

ఆయన భార్య కుట్టుమిషన్ల మెకానిక్కు. పెళ్లైన కొత్తలో ఆవిడకు సముద్రం చూపిస్తానని మాటిచ్చాడు. ఇన్నాళ్లకు బయల్దేరారు. తీరంలో ఇలాంటి బండ్లు నిలిపే చోట ఆ ఒక్కరోజుకే జాగా దొరికింది. గేటు ఆరింటికి మూసేస్తారు. తప్పితే మళ్లీ ఏడాది ఆగాల్సిందే.

ఇంకా గంట దారి ఉందనగా, నాలుగింటికి టీకొట్టు దగ్గర ఆపిన బండి మళ్లీ కదలనని మొరాయించింది. తాళం తిప్పితే టిక్కుమంటుంది, అంతే.

"బ్యాటరీ తీగ వదులైనట్టుంది. ఉండండి, చూస్తాను" అంటూ ఆవిడ సంచిలోంచి చిన్న పానా తీసింది.

"ముట్టుకోకు! వాళ్ల మనిషి తప్ప ఇంకెవరు చెయ్యిపెట్టినా వారంటీ గోవిందా!"

"అని ఎక్కడ రాసుంది?"

"ఎక్కడో ఉండే ఉంటుంది. అన్ని పేజీలు రాసినవాళ్లు ఆ ఒక్కటీ రాయకుండా వదిలేస్తారా?"

పుస్తకం తెరిచాడు. 'సహాయానికి ఈ కింది నంబరుకు ఫోన్ చేయండి' అని ఉంది. కింద ఏమీ లేదు. పేజీ తిప్పాడు. అక్కడా అంతే. నంబరు ఉండాల్సిన చోట తను కోసిన అంచు నిగనిగలాడుతోంది. చేసుకున్నవాడికి చేసుకున్నంత. ఫోన్‌లో వెతుకుదామంటే ఇంటర్నెట్టు అందడం లేదు.

నాలుగూ నలభై అయింది. బైండరు బండి మెట్టుమీద కూలబడ్డాడు. ఈసారి కూడా మాట తప్పుతున్నందుకు ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

"సరే, నువ్వే చూడు" అన్నాడు.

"మరి వారంటీ?"

"అది మొన్న ఇచ్చింది. నీకిచ్చిన మాట ముప్పై ఏళ్లనాటిది."

ఆవిడ తీగ బిగించడానికి రెండు నిమిషాలు పట్టింది. గేటు మూయడానికి పది నిమిషాల ముందు బండి లోపలికి వెళ్లింది. ఆవిడ చీర కుచ్చెళ్లు పట్టుకుని అలల్లో నిలబడి చిన్నపిల్లలా నవ్వుతుంటే, ఆయన కళ్లప్పగించి చూశాడు.

తర్వాత ఆవిడ సంచిలోంచి సామాన్ల చీటీ తీసి, "పాలు తేవాలి" అంటూ చేతికిచ్చింది. వేలెడంత వెడల్పున్న కాగితం ముక్క. వెనక్కి తిప్పి చూశాడు. ఫోన్ నంబరు!

"ఇది నీ దగ్గరే ఉందా?"

"మీరు కోసిన ముక్కలు నేనేనాడు పారేశాను? ఇన్నేళ్లూ నా చీటీలన్నీ వాటిమీదేగా."

"మరి అక్కడ చెప్పలేదేం?"

"చెబితే ఫోన్ చేసేవారు. వాళ్లొచ్చేదాకా ఇద్దరం ఆ టీకొట్టునే చూస్తూ కూర్చునేవాళ్లం."

నంబరు కింద చిన్న అక్షరాల్లో ఒక ముక్క ఉంది. చదవడం అలవాటు లేని బైండరు దాన్ని కూడబలుక్కుని చదివాడు: 'వదులైన బ్యాటరీ తీగలు బిగించుకోవడం యజమాని బాధ్యత.'

చీటీ జేబులో పెట్టుకుని, ప్యాంటు పైకి మడిచి, నీళ్లలోకి నడిచాడు. పాలు తేవడం మర్చిపోయాడు.