అరవై ఒక్క ఆకులు

జనం చేత కాసేపు కళ్ళు మూయించే యాప్ తయారుచేస్తున్న ఆ డిజైనరుకు మూడు నెలలుగా కంటినిండా నిద్ర లేదు. ఇంతకన్నా విడ్డూరం ఉంటుందా?

యాప్‌లో ఒక మొక్క ఉంటుంది. తెరిచి నిమిషం పాటు కళ్ళు మూసుకుంటే ఒక ఆకు తొడుగుతుంది. అంతవరకూ బాగానే ఉంది. పావుగంటలోపు మళ్ళీ తెరవకపోతే ఒక ఆకు రాలాలన్నది మేనేజరు పట్టు. వద్దని ఆమె నెత్తీ నోరూ కొట్టుకుంది. చివరికి ఓపిక చచ్చి, రాలే ఆకును తనే గీసిచ్చింది. పాపిష్టిది, ముచ్చటగా కూడా కుదిరింది.

ముందుగా ఇరవై మంది చేత వాడించి చూడాలన్నారు. మనుషులు దొరక్క ఆమె ఇంట్లో ఉన్న అత్తగారినీ చేర్చేసింది, తర్వాత ఆ సంగతే మరిచిపోయింది.

ఆ మధ్యాహ్నం మీటింగులో మేనేజరు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "ఈ ఏడో నంబరు మనిషి నిన్న ఒక్కరోజే అరవై ఒక్కసార్లు తెరిచారు! ఇలాంటివాళ్ళు లక్షమంది కావాలి మనకి. రేపే విడుదల. సాయంత్రంలోగా నువ్వు సరేనను. కాదంటే చెప్పు, ఇంకొకరిని చూసుకుంటాం."

వాదించే సత్తువ లేదు. ఇంటికెళ్ళి చెప్తానంది.

అత్తగారికి కంటి ఆపరేషనై వారం కాలేదు. ఫోను ముట్టుకోవద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. కోడలు వచ్చేసరికి ఆవిడ నల్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఫోను ముక్కుకు ఆనించి చూస్తోంది. కన్ను ఎర్రబడి నీరు కారుతోంది.

"అత్తయ్యా! డాక్టరేం చెప్పాడు, మీరేం చేస్తున్నారు?"

"ఉండవే, పావుగంట కావస్తోంది. ఆకు రాలిపోతుంది."

"రాలితే రాలనివ్వండి!"

"బానే చెప్పావు. జనం తెరవకపోతే మన ఉద్యోగాలు ఊడతాయని మొన్న ఫోన్లో ఎవరితోనో అనలా నువ్వు? నా వల్ల నీకు ఆ గతి పట్టడమెందుకు? నిన్న అరవై ఒక్కసార్లు తెరిచా, తెలుసా?"

కోడలు ఆవిడ పక్కనే నేలమీద కూర్చుంది. తన మీదే తనకు అసహ్యం వేసింది. కూర్చున్నచోటి నుంచే మేనేజరుకు ఫోను చేసింది.

"ఆ ఏడో నంబరు మా అత్తగారండీ. కంటి ఆపరేషనైన మనిషి. ఆకు రాలడం తీసేస్తేనే నేను సరేనంటాను. లేదంటే ఇంకొకరిని చూసుకోండి."

"రేపు మాట్లాడదాం" అని మేనేజరు ఫోను పెట్టేశాడు. ఆ రేపు అంటే ఏమిటో ఆమెకు తెలుసు.

"ఎంత పని చేశావే!" అంది అత్తగారు.

"మీ కన్ను పోగొట్టే ఉద్యోగం నాకెందుకు?" ఆవిడ చేతిలోంచి ఫోను తీసుకుని బల్ల మీద బోర్లించి, కంట్లో రెండు చుక్కలు మందు వేసింది. "ఇక కళ్ళు మూసుకోండి."

ఆవిడ బుద్ధిగా మూసుకుంది. కాసేపటికి మెల్లగా అడిగింది. "నిమిషం అయిందా?"

"మీ ఇష్టమొచ్చినంతసేపు పడుకోండత్తయ్యా. లెక్కపెట్టేవాళ్ళెవరూ లేరు."