ఖాళీగా వదిలిన మూడు గళ్లు

జయపాల్ మూడోసారి ఎంటర్ నొక్కాడు. ఈసారి చార్టు కుదిరింది. నీలం కడ్డీలు వరుసగా నిలబడ్డాయి. కింద తేదీలు ఒకదాని మీద ఒకటి పడకుండా పక్కకు వాలాయి. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

కర్నూలులోని ఆ ఆఫీసులో పంతొమ్మిదేళ్లుగా అతనిది కాంట్రాక్టు ఉద్యోగమే. పల్లెల నుంచి వచ్చే వాన రిజిస్టర్లు కంప్యూటరులోకి ఎక్కించాలి, చార్టులు గీయాలి. మొదట్లో గ్రాఫు కాగితం మీద స్కెచ్ పెన్నులతో గీసేవాడు. నలభై ఆరో ఏట, కూతురి వయసున్న యామిని మేడం దగ్గర ఆర్ అనే గణాంకాల ప్రోగ్రాం నేర్చుకున్నాడు. ఒక్క వరుస రాస్తే బార్ చార్టు, అందులో ఒక్క మాట మారిస్తే లైన్ చార్టు. వేళ్లకు రంగు అంటకుండా బొమ్మ రావడం అతనికి ఇప్పటికీ వింతే. రిపోర్టు మీద అతని పేరు ఉండదు. అడిగే రకమూ కాదు. నోట్లో నాలుక లేని మనిషని భార్య మహిమ ఎగతాళి చేస్తుంటుంది.

పదకొండింటికి యామిని వచ్చి, తుపాను నెలకు బార్ వద్దు, లైన్ చార్టు కావాలంది.

రెండేళ్ల కిందటి అక్టోబరు అది. వాన పడని రోజున గడి ఖాళీగా వదిలేయడం ఈ సీమలో వాన కొలిచేవాళ్లందరికీ అలవాటు. లేని వానకు ఇంకు ఎందుకు దండగ? అందుకే ఖాళీలన్నిటినీ సున్నాలు చేసే వరుసొకటి జయపాల్ రాసి పెట్టుకున్నాడు. కోడుమూరు దగ్గరి రంగన్న ఒక్కడే వేరు. ఎండ కాసిన రోజుకు సున్నా చుట్టేవాడు, తాను కొలవని రోజుకే ఖాళీ వదిలేవాడు. ఆ నెల భార్యను ఆసుపత్రిలో చేర్చి మూడు రోజులు కొలవలేకపోయాడు. తుపానూ ఆ మూడు రోజులే. చేలు మునిగిన రైతులు రిపోర్టులో సున్నాలు చూసి గొడవకు దిగారు. ఇంట్లో పడుకుని దొంగ సున్నాలు రాశాడని రంగన్నను పని నుంచి తీసేశారు. అతని రిజిస్టరు జయపాల్ బీరువాలోనే ఉంది. తీసి చూపిస్తే సరిపోయేది. కానీ తన కాంట్రాక్టు పొడిగించాల్సిందీ ఆ నెలలోనే. నోరు మెదపలేదు.

బార్ చార్టులో సున్నాకూ కడ్డీ ఉండదు, కొలవని రోజుకూ ఉండదు. ఆ చాటునే ఇన్నాళ్లూ దాక్కున్నాడు. లైన్ చార్టులో అది కుదరదు. సున్నా అయితే గీత నేలకు పడుతుంది, కొలవకపోతే తెగిపోతుంది.

చాలాసేపు కూర్చుని, రంగన్న ఊరి లెక్కకు ఆ ఖాళీలను సున్నాలు చేసే వరుసను చెరిపేశాడు. గీత నెల నడుమ తెగింది. ఇదేమిటని యామిని అడిగితే, ఆ మూడు రోజులూ కొలత లేదన్నాడు. ఆ మాటే కింద రాయమందామె. రాశాడు. ప్రింటు తీసి మడతపెట్టుకున్నాడు. ఆదివారం చర్చి అయ్యాక కోడుమూరు బస్సెక్కి రంగన్న చేతిలో పెట్టాలి, తప్పు ఒప్పుకోవాలి. ఆ మధ్యాహ్నం అన్నం రుచిగా తిన్నాడు.

మూడింటికి రంగన్న కూతురు నాగక్క చేతిలో చిన్న మూటతో వచ్చింది.

"నాయన పోయి పదకొండు దినాలాయె సార్. సర్కారు సామాను ఇంట్లో పెట్టుకోగూడదని శానాసార్లు చెప్పినాడు. ఇది అటక మీద ఉండిపోయిండె."

జయపాల్ ప్రింటు విప్పాడు.

"మీ నాయన సున్నాలు రాయలేదమ్మా. నేను పెట్టినా."

నాగక్క తెగిన గీతను చూసింది. కోప్పడలేదు.

"ఆ సున్నాల కోసరం రెండేండ్లు ఊర్లో తలెత్తుకోల్యా సార్ మా నాయన. ఒక్కతూరి వచ్చి ఈ మాట చెప్పింటే బాగుండు."

బస్సుకు టైమైందని వెళ్లిపోయింది. కోడుమూరు గంట ప్రయాణం. రెండేళ్లలో నూరు ఆదివారాలకు పైగా వచ్చి పోయాయి. జయపాల్ తనను తాను అసహ్యించుకున్నాడు.

కాసేపటికి మూట విప్పాడు. పాత పంచె ముక్కలో వాన కొలిచే గ్లాసు ఉంది, కడిగి, తుడిచి, మిల్లీమీటరు గీతలు ఒక్కటీ చెరగకుండా.