మాజీగారి స్పీడ్ బ్రేకర్

మాజీగారు వరండాలో కూర్చుని, కాఫీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుని కుడిచెయ్యి ఖాళీగా ఉంచుకున్నారు. నమస్కారాలు అందుకునే వేళ మరి! ఒక కాలు పొట్టిదైన పేము కుర్చీ ఆయన కదిలినప్పుడల్లా టకటకమంటోంది. గేటు ముందున్న స్పీడ్ బ్రేకర్ దగ్గర స్కూటరొకటి నెమ్మదించింది. నడిపేవాడి తల వంగి లేచింది. మాజీగారు చెయ్యెత్తారు. వెనకే బస్సొచ్చింది. బస్సు బస్సంతా తలలూపేసరికి గ్లాసు కింద పెట్టి రెండు చేతులూ ఎత్తారు.

నగర పాలక మండలి నాయకుడిగా ఉన్నన్నాళ్ళూ ఆయన దగ్గితే నీళ్ళు, తుమ్మితే తువ్వాలు అందించడానికి గుమ్మం నిండా జనం ఉండేవారు. ఎన్నికల్లో ఓడాక ఈగలు కూడా దారి మళ్ళాయి. ఊరికే కూర్చోలేక ఒక పరిశోధన సంస్థలో చేరారు. పదవిలో ఉండగా తాను వేయించినవన్నీ ఎందుకు పనికిరావో రాయడమే ఇప్పుడు ఉద్యోగం. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ సంగతి ఆయనకన్నా బాగా ఎవరికి తెలుసు?

నగరంలో అక్కర్లేని స్పీడ్ బ్రేకర్ల మీద నివేదిక ఆ రోజే ఇవ్వాలి. అందులో రాసినవాటిని తవ్వేస్తారు.

“మన ఇంటి ముందుది రాశారా?” అంది భార్య.

“అది అవసరమే. ఊరంతా నాకింకా నమస్కారం పెడుతోంది, కనబడ్డం లేదూ?”

“అయ్యో రాత! గతుకెక్కితే ఎవరి తలైనా ఊగుతుందండీ. నిన్న సైకిలు బుట్టలో కుక్కపిల్ల కూడా ఊపింది. దానికీ చెయ్యెత్తారు మీరు.”

“నీకన్నీ వేళాకోళాలే!” అని విసురుగా లేచి ఆఫీసు కారెక్కారు. కారు గేటు దాటి గతుకెక్కింది. కిటికీలోంచి తన కుర్చీ వైపే చూస్తున్న మాజీగారి తల బుద్ధిగా వంగి లేచింది. ఖాళీ కుర్చీకి నమస్కారం!

సంస్థ డైరెక్టరు ఆయన కూతురికన్నా చిన్నది. కాగితాలు తిరగేసి, “అన్నీ బాగున్నాయి సార్. మీ వీధిది మాత్రం లేదు. అది అవసరమైనదేనా?” అంది.

అవునంటే సరిపోయేది. ఒకప్పుడు ఆయన తల అడ్డంగా ఊపితే వంతెనలే ఆగిపోయేవి. ఇప్పుడు కాదంటే రేపు పొద్దున్న తనకేసి తల వంచేదెవరు?

“కాదమ్మా,” అన్నారు చివరికి. “అక్కడ బడి లేదు, ఆసుపత్రి లేదు, మలుపైనా లేదు. నా ఇల్లుంది, అంతే. నా గొప్ప కోసం నేనే వేయించుకున్నాను. అన్నిటికన్నా ముందు దాన్నే రాయి.”

ఆమె కాసేపు ఆయన్నే చూసి తల వంచింది. ఆ గదిలో గతుకేమీ లేదు. మాజీగారికి కళ్ళు చెమర్చాయి.

“అది తవ్వేశాక నాకెవరూ తలూపరే,” అన్నారు సాయంత్రం ఇంటికొచ్చి.

“నేనూపుతాను లెండి, మెడ నొప్పెట్టేదాకా!”

తవ్వేవాళ్ళు వచ్చేలోపే మాజీగారు ఒక తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయారు. ఆయన్ని తీసుకెళ్ళే బండి గేటు దాటి గతుకెక్కింది. కూర్చున్నవాళ్ళ తలలన్నీ వంగి లేచాయి. పడుకున్న ఆయన తల కూడా కాస్త ఊగింది.

“చూశారా, బదులిస్తున్నారు!” అని భార్య ఏడుస్తూనే నవ్వేసింది.

మర్నాడు పనివాళ్ళొచ్చి గతుకు తవ్వుతుంటే ఆమె ఒక తారుపెళ్ళ అడిగి తీసుకుంది. వరండాలో ఆ ఖాళీ పేము కుర్చీ, పొట్టికాలి కింద తెల్లగీత చెరగని తారుపెళ్ళతో, ఇప్పుడు చప్పుడు చెయ్యకుండా నిలబడి ఉంది.